పాలపెట్టె అడిగిన మాట

గోదారి మా లంకను రెండుగా కోసేసిన వరద ఏడాది సంగతి ఇది. అప్పటికి ప్రతి వీధికీ ఒక పాలపెట్టె ఉండేది. తల్లులు తమ బిడ్డ తాగగా మిగిలిన చనుబాలు అందులో పోస్తే, అది కాచి చల్లార్చి తల్లిలేని పిల్లలకు ఇచ్చేది. పరాయి తల్లి పాలు పచ్చివి పడితే పిల్లలకు వరద జ్వరం సోకేది. పాలు పుచ్చుకునే ముందు పెట్టె, "మీ బిడ్డ బాగున్నాడా?" అని అడిగేది. బాగున్నాడంటేనే మూత తెరుచుకునేది.

ఆ వరదలో నా కోడలు కొట్టుకుపోయింది. నెలల మనవరాలు నా చేతిలో మిగిలింది. లంకలో మా వైపు పాలున్నది పక్కింటి నూకరత్నం ఒక్కతికే. ఆమె కొడుకు వీరబాబు కూడా అదే వరదలో పోయాడు.

పెట్టె అడిగితే నూకరత్నం, "లేడు" అంది. మూత తెరుచుకోలేదు.

"బాగున్నాడని అనవే తల్లీ" అన్నాను.

"నువ్వను మావా! నాకు నోరు రాదు."

"మూత తెరవాలంటే నా మాట వినదే అది. పాలిచ్చే మనిషి గొంతే వింటది."

మనవరాలు ఏడ్చి ఏడ్చి, నోరు తెరిచినా చప్పుడు రావడం లేదు. నూకరత్నం దాని వంక చూసి, "బాగున్నాడు" అంది. "బొద్దుగా ఉన్నాడు. దొంగెదవ, ఇప్పుడే నిద్దరోయాడు." అడగనివి కూడా చెప్పింది.

మూత తెరుచుకుంది. మనవరాలు పాలు తాగింది. అప్పుడు పెట్టె, "రేపు బాబును తూకానికి తీసుకురండి. లేకపోతే మీ పాలు తీసుకోం" అంది.



మర్నాడు పొద్దున, ఆమె ఇచ్చిన వీరబాబు చొక్కా మనవరాలికి తొడిగి, తీసుకెళ్లి పెట్టె పక్కనున్న త్రాసులో పడుకోబెట్టాను. పెట్టె పేరడిగితే వీరబాబనే చెప్పాను.