గెట్టు జరిపినోడు

"సర్కారు గింత ఖర్చుపెట్టి డిజిటల్ భూపటం చేయించింది. దాంతోని మీకేం లాభమైంది పటేలా?" సర్వే అధికారి సువార్త అడిగింది.

ఆర్మూర్ మార్కెట్‌కు పంపాల్సిన పసుపు ఆరబోసిన కళ్లంలో భీమ్‌రావు నవ్వాడు. "ఉత్త దండుగ అని రాస్కో."

ఆమె ట్యాబ్ చూపింది. "గీ కళ్లం కింద పది గుంటలు మా నాయినవి. గెట్టు జరిపి గుంజుకున్నవ్. ఆయన కూలికి పోయి పోయి సచ్చిండు. పాత రికార్డుతోని కలిపి సూస్తె గీ పటంల దొరికినవ్."

అతని ముఖం పాలిపోవడం చూడాలని ఆమె పదిహేనేళ్లు ఎదురుచూసింది.

"ఎవలు మీ నాయిన?"

"ప్రభుదాస్."

"యాదికొస్తలేడు. మస్తుమంది గెట్లు జరిగినయ్, ఎందరిని యాదుంచుకోవాలె?"

నాన్న ఒక్కడే కాదని సువార్తకు అప్పుడు తెలిసింది.

తెరమీద ఊరంతా కనిపించేలా పటాన్ని జరిపింది.

"అయితే కూసో పటేలా. ఒక్కొక్క గెట్టు సూద్దాం."