హామ్‌హుంగ్ రాయి

"ఆ టోపీ ఇచ్చెయ్యక్కా. రేపట్నుంచి రావద్దు," అన్నాడు బే.

మ్యోంగ్‌ఓక్ తలెత్తలేదు. సియోల్ నగరపు పాత కోటగోడ రాళ్ల సందుల్లో కలుపు పీకుతూనే ఉంది. గోడ వెంబడి నడకదారిని జీతం లేకుండా చూసుకునే బృందానికి బే పెద్ద. ఆ టోపీ బృందానిది.

"నేనేం తప్పు చేశాను?"

"తప్పేం లేదు. నీ యాస వినగానే నడకకొచ్చినవాళ్లు నన్ను నిలదీస్తున్నారు. ఉత్తర కొరియా నుంచి పారిపోయి వచ్చిన మనిషికి మా గోడతో ఏం పనంటున్నారు. ఎంతమందికని జవాబు చెప్పను?"

ఆమె లేచి, అక్షరాలు చెక్కిన రాయి మీద చెయ్యి వేసింది. "దీని దగ్గర మీరు రోజూ చెప్పేది నాకోసారి చెప్పండి."

బే విసుక్కున్నాడు. "ఏ ఊరివాళ్లు కట్టిన చోట ఆ ఊరి పేరు చెక్కారు. గోడ కూలితే ఆ ఊరివాళ్లే వచ్చి బాగుచెయ్యాలి. ఇది హామ్‌హుంగ్ వాళ్లది. చాలా?"

"ఆ తర్వాత? అందరూ నవ్వేది?"

బే గొంతు తగ్గింది. "ఇది కూలితే మాత్రం మనకు దిక్కులేదు. హామ్‌హుంగ్ సరిహద్దుకు అవతలుంది. వాళ్లు రాలేరు."

"నాది హామ్‌హుంగ్. ఏ ఊరని మీలో ఒక్కరూ అడగలేదు."

టోపీ సరిచేసుకుని ఆమె మళ్లీ కలుపు దగ్గర కూర్చుంది.

"ఇక రాలేరని చెప్పకండి, బే గారూ. వచ్చారనీ, వాళ్ల వంతు పని వాళ్లు చేస్తున్నారనీ చెప్పండి."