కోటలో మంగతాయారు

సముద్రపు గోడ కాపలాకు బయల్దేరుతున్న మా చెల్లెలు మంగతాయారు సంచిలో రెండు చీరలు, జంతికల డబ్బా సర్దాను.

ఆ పాత యుద్ధవ్యూహాల ఆట ఇప్పుడు ఉప్పాడలో ప్రతి ఇంటి గోడ తెర మీదా నడుస్తూనే ఉంటుంది. దానికి అభిమానులు చేసిన కొత్త రూపాలు వచ్చాక, సైనికులకు మన వాళ్ళ ముఖాలు పెట్టుకుంటున్నాం. ఊరు దాటిన మనిషి తిరిగొచ్చేదాకా ఆ మనిషి బొమ్మను కోట బయటికి పంపకూడదు. అది మా ఆచారం.

"నన్ను గుర్రం మాత్రం ఎక్కించకే అక్కా, నడుం పట్టేత్తాది," అంది మంగ.

"నువ్వెక్కితే పట్టేది గుర్రం నడుమే!"

నవ్వుకుంటూ వెళ్ళింది.

తుఫాను రోజులు మొదలయ్యే ముందు ఆ ఆటకు ఇంకో కొత్త రూపం వచ్చింది. "ఏసుకో పెద్దమ్మా, చెమట కూడా కనపడతాదంట," అంది పక్కింటి వరహాలు. వేసుకున్నాను. మంగ ముఖం మీది ఆవగింజంత పుట్టుమచ్చ కూడా కనిపించింది. కానీ ఈ కొత్త బొమ్మలు ఊరికే నిలబడవని, వాటంతట అవే నడుస్తాయని నాకెవరూ చెప్పలేదు. పులుసు దించి వచ్చేసరికి మంగ కోట తలుపు దాటి వాగు వైపు నడుస్తోంది.

"ఆగవే!" అని అరిచాను.

"బొమ్మే కదా పెద్దమ్మా," అంది వరహాలు. అంటూనే గబగబా మంగను వెనక్కి మళ్ళించింది. తలుపు మూయించి, ఇద్దరు భటులను అడ్డం పెట్టాం. అన్నం కూడా గోడ ముందే తిన్నాను. బొమ్మ మళ్ళీ కదల్లేదు.

మంగతాయారు తిరిగి రాలేదు. ఆ ఏడు నాగుల చవితి నాడు తుఫానుకు సముద్రపు గోడ కూలింది.