నేల విడిచిన ఫ్లాట్

"యువర్ కాల్ ఈజ్ ఇంపార్టెంట్ టు అస్," అంది ఫోన్.

దివాకర్ చెవికి బ్లూటూత్ తగిలించుకుని షూ లేసులు కట్టుకుంటున్నాడు. ఈ మాట వినడం ఇది ఎనిమిదో నెల. వాళ్ళకి కాల్ ముఖ్యం. చేసేవాడి కాలం మాత్రం ముఖ్యం కాదు.

"ఎత్తారా?" వంటగదిలోంచి అడిగింది రాగిణి.

"హోల్డ్."

"కట్ చేయకండి."

నేల విడిచి సాము చేయకూడదని పెద్దలు చెప్పారు. నేల విడిచి ఫ్లాట్ కొనకూడదని ఎవరూ చెప్పలేదు. పార్సిప్పనీలో ఆ రెండు బెడ్రూముల ఫ్లాట్ దివాకర్, రాగిణిలదే. గోడలు వాళ్ళవి, తలుపులు వాళ్ళవి, కారే కుళాయి కూడా వాళ్ళదే. బిల్డింగ్ కింద నేల మాత్రం ఇంకెవరిదో. దానికి తొంభై తొమ్మిదేళ్ళ లీజు. ఏటేటా నేల అద్దె వసూలు చేసేది గ్రీన్‌ఫెర్న్ అనే మేనేజ్‌మెంట్ కంపెనీ. ఫ్లాట్ అమ్మాలంటే ఆ కంపెనీ 'మాకు సమ్మతమే' అని ఓ కాగితం ముక్క ఇవ్వాలి. అద్దె పుచ్చుకోవడానికి దానికి వెయ్యి చేతులు. జవాబివ్వడానికి ఒక్క నోరు లేదు.

నేలకి తొంభై తొమ్మిదేళ్ళు గానీ, పెళ్ళికి పదకొండేళ్ళకే గడువు తీరింది. దెబ్బలాడుకోలేదు. దానికీ ఓపిక ఉండాలి కదా. జనవరిలో ఓ ఆదివారం, బట్టలు మడత పెడుతూ రాగిణి "విడిపోదామా?" అంది. టీవీలో ఫుట్‌బాల్ చూస్తూ దివాకర్ "సరే" అన్నాడు. మడత పెట్టిన బట్టలు ఆ పూటే రెండు దొంతరలయ్యాయి. ముందు ఫ్లాట్ అమ్మి చెరిసగం తీసుకోండి, విడాకుల సంతకాలు ఆ మర్నాడే అన్నాడు లాయరు.

సతికి సమ్మతే. పతికి సమ్మతే. కంపెనీ సమ్మతే లేదు.

దాంతో ఒకే కప్పు కింద చెరో గది. 'ఏమండీ' పోయింది, 'అండీ' మిగిలింది. "హౌస్ ఇంకా హోల్డ్‌లోనే ఉంది. హౌస్‌హోల్డ్ అంటే ఇదే కాబోలు," అని ఓసారి దివాకర్ జోకు వేశాడు. రాగిణి నవ్వలేదు. అతనూ నవ్వలేదు. జోకు కూడా హోల్డ్‌లోనే ఉండిపోయింది.

ఏప్రిల్‌లో అన్నాడు, "ట్రెంటన్ గంటంపావే కదా. డ్రైవ్ చేసుకుని వాళ్ళ ఆఫీసుకే పోయి కూర్చుంటా."

"గ్యాస్ దండగ. ఫోన్ ఎత్తనివాళ్ళు తలుపు తీస్తారా?"

జూన్‌లో అన్నాడు, "లాయర్ నోటీసు ఇప్పిద్దాం."

"గంటకి మూడొందల డాలర్లు. మీరు మళ్ళీ ఫోన్ చేయండి."

సాయంత్రాలు మెయిల్ బాక్స్ చూసొచ్చేది రాగిణే. "ఏమీ లేదు. పిజ్జా కూపన్లు." పిజ్జా వాళ్ళకున్న శ్రద్ధ కూడా గ్రీన్‌ఫెర్న్‌కి లేదనుకుని ఊరుకునేవాడు దివాకర్.

నిన్న పార్కింగ్ లాట్‌లో జగదీష్ పట్టుకున్నాడు. ఫ్లాట్ కొంటానన్నది అతనే. అదే బిల్డింగ్ కింది అంతస్తులో అద్దెకుంటాడు. కూతురి స్కూలు మారకూడదని అతని పట్టుదల.

"అన్నా, లెటర్ ఏమైంది? నీ మీద ప్రేమతోని ఎనిమిది నెలలు ఆగిన. శుక్రవారం దాకా చూస్త. రాకుంటే ఎడిసన్‌ల చూసుకుంట, ఏమనుకోకు."

"అలాగే."

"అవును గానీ, ఇండిపెండెంట్ హౌస్‌కి పోతున్నరంట గదా? దావత్ ఎప్పుడే?"

"ఇండిపెండెంట్ వరకూ నిజమే," అన్నాడు దివాకర్. ఎందుకో తెలియకుండానే జగదీష్ పకపకా నవ్వాడు.

ఇవాళ గురువారం. జగదీష్ జారిపోతే, ఇళ్ళ ధరలు పడిపోయిన ఈ రెండువేల తొమ్మిదిలో మరొకడు దొరకడు. దొరికేదాకా ఇదే కప్పు, ఇవే రెండు గదులు. దివాకర్‌కి దిగులెయ్యాలి. వెయ్యలేదు. పంటి డాక్టరు సూదిమందు ఇచ్చాక దవడ ఉన్నట్టుంది లోపలంతా.

హోల్డ్ తెగి ఫోన్ మళ్ళీ మొదటికొచ్చింది. ఇంగ్లీషుకి ఒకటి నొక్కాడు. అమ్మకాలకి నాలుగు నొక్కాడు. ప్రెస్ చేయగా చేయగా మిగిలేది ఫ్రస్ట్రేషన్. పియానో మొదలైంది. పియానో సాగింది. పియానో ఆగింది.

"గ్రీన్‌ఫెర్న్. దిస్ ఈజ్ లిండా."

మనిషి గొంతు! ఎనిమిది నెలల్లో మొదటిసారి.

ఒక కాలి లేసు ఊడి ఉండగానే దివాకర్ లేచి నిలబడ్డాడు. ఫ్లాట్ నంబరు చెప్పాడు. పేరు అక్షరం అక్షరం విడమరిచి చెప్పాడు. అవతల కీబోర్డు టకటకలాడింది. లిండా ఏదో చెప్పింది. "ఆర్ యూ ష్యూర్?" అన్నాడు. మళ్ళీ అదే చెప్పింది. "థాంక్యూ," అని పెట్టేశాడు.

రాగిణి అట్లకాడతో గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరన్నా ఎత్తారా?"

దివాకర్ ఆమె వైపు చూశాడు. చూసి చాలా రోజులైంది. చెవి పక్కన రెండు తెల్ల వెంట్రుకలు. ఎప్పుడొచ్చాయో.

"లేదు. అదే పియానో. కాసేపు వాయించి లైన్ కట్ చేశారు."

"మరి జగదీష్?"

"ఎడిసన్‌లో చూసుకోమంటాను."

ఆమె అట్లకాడకి అంటిన పిండి వేలితో తుడిచింది.

"సరే, దోసె చల్లారిపోతోంది. తిని వెళ్ళండి. రేపు మళ్ళీ చేద్దురు గాని," అని లోపలికి వెళ్ళింది.

లిండా చెప్పింది ఒక్కటే ముక్క: "సమ్మతి పత్రం మార్చిలోనే సర్టిఫైడ్ మెయిల్‌లో పంపించాం సర్, అందినట్టు మిసెస్ రాగిణి చేసిన సంతకం నా ఎదురుగానే ఉంది."