బత్తాయి తొక్కల పరీక్ష

"మళ్లీ పెరిగింది" అంటూ సాహితి సంచీని సోఫా పక్కన దించింది. లోపల సీసాలు గలగలమన్నాయి.

ఏది పెరిగిందో తల్లి నాగమణి అడగలేదు. తార్నాకలోని ఆ ఫ్లాటులో అది కొత్తగా చెప్పుకోవలసిన సంగతి కాదు. ఫాస్ఫేటు. హాస్టళ్ల మురుగుతో వచ్చి, క్యాంపస్ చెరువును పచ్చటి నాచుగా పేరబెడుతున్నది అదే. బత్తాయి తొక్కలను ఎండబెట్టి, పొడిచేసి, ఇనుప లవణంలో నానబెడితే ఆ పొడి ఫాస్ఫేటును పట్టి ఉంచుతుందన్నది సాహితి పరిశోధన. మొదటి విడతలో పట్టింది. ఇప్పుడు వడకట్టిన నీళ్లలోనూ అది దండిగా కనిపిస్తోంది.

ఇంకో పది రోజుల్లో పరిశోధన కమిటీ. లెక్క తేలకపోతే అంశం రద్దు. నాలుగేళ్ల చాకిరీ ఆ మురుగులోనే కలుస్తుంది.

"తొక్కల్లో లోపం లేదు. జ్యూస్ బండి దగ్గర నిలబడి నేను ఏరి తెచ్చినవి" అంది నాగమణి.

"తొక్కల్ని ఎవరన్నారమ్మా?"

"మరి మీ ల్యాబు? కుళాయి తిప్పితే గాలి వస్తుంది. ఆ అటెండరు గుడ్డ చూశావా? బల్ల తుడిచేదీ దానితోనే, చెప్పులు తుడిచేదీ దానితోనే."

"అమ్మా, ప్లీజ్. నువ్వు ఇందులోకి రాకు."

నాగమణి ముప్పై ఏళ్లు కళాశాలలో తెలుగు చెప్పింది. తప్పు కనబడితే దాని కింద గీత గీయకుండా ఉండలేదు. మర్నాడే క్యాంపస్‌కు వెళ్లి, సాహితి గైడు మల్లికార్జున గదిలో కూర్చుంది.

"ప్రొఫెసర్ గారూ, అశుభ్రమైన చేతుల నుంచి శుభ్రమైన ఫలితం ఎలా వస్తుంది?"

అటెండరు రాంచందర్‌ను పిలిపించారు.

"సాహితమ్మ సీసలు నేను ముట్టనే ముట్టనమ్మా" అన్నాడతను. "ఆమెనే యాసిడ్ల ముంచి కడుక్కుంటది. ఈడ పెడితే మాయమైతయని సంచిల ఏస్కొని ఇంటికి తీస్కపోతది. నా పేరెందుకు ఖరాబ్ జేస్తున్నరు?"

"చేసినవాడు చేశానని ఎప్పుడు ఒప్పుకున్నాడు?" అంది నాగమణి, అతనివైపు చూడకుండా.

"రాంచందర్, కొన్నాళ్లు స్టోర్ రూమ్‌లో ఉండు" అన్నాడు మల్లికార్జున, గొడవ వదిలించుకునే గొంతుతో.

రాంచందర్ గుడ్డ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ వారమంతా ల్యాబులో ఎవరూ ఏదీ తుడవలేదు. అంకెలు మాత్రం మారలేదు.

శుక్రవారం గైడుతో చర్చ మాత్రమే కావడంతో సాహితి సీసాలు లేకుండా వెళ్లింది. సాయంత్రం ఫోన్ చేసింది. నాగమణి ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"అమ్మా, దొరికింది! నిన్న ఒక సీసాలో ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోసి చూశాం. తొక్క లేదు, మురుగు లేదు. అయినా ఫాస్ఫేట్ వచ్చింది. తప్పు సీసాలు కడగడంలో ఉంది."

"చెప్పానా! ఆ రాంచందర్..."

"అన్నని పంపేసి వారమైందమ్మా. ఎవరో సబ్బు పొడితో తోముతున్నారు. ఆ పొడిలోనే ఫాస్ఫేట్ ఉంటుంది, గాజుకి అంటుకుపోతుంది. అందుకే యాసిడ్ తర్వాత ఇంకేదీ తగలకూడదు."

అవతల సాహితి గొంతు తగ్గించి చెప్పింది.

"నేనే సబ్బుతో కడిగేసి అబద్ధం చెబుతున్నానంటున్నారు సార్. సోమవారం కమిటీలోనూ అదే చెబుతారట. నేను కడగలేదమ్మా, ఒట్టు. నువ్వైనా నమ్ముతావా?"

ఆ మురుగు వాసన సహించలేక, కూతురికి తెలియకుండా నెలల తరబడి తోముతూ వచ్చిన సీసాల మీద, మోచేతుల దాకా సబ్బు నురగతో నాగమణి చేతులు వంటింటి సింకులో ఆగిపోయాయి.