సాయంత్రం మైలేజీ

పొద్దున వెళ్ళేటప్పుడు లీటరుకి పదమూడు కిలోమీటర్లు. సాయంత్రం వచ్చేటప్పుడు పదకొండున్నర.

అదే పికప్. అదే డ్రైవరు. అవే మూడు కొండలు. ఎక్కేది ఎంతో దిగేదీ అంతే. మరి ఆ ఒకటిన్నర ఎవరు మింగుతున్నట్టు?

అతను ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఇంటి దగ్గరి బంకులో ఒకసారి, ఫ్యాక్టరీ పక్క బంకులో ఒకసారి ట్యాంకు మూతి దాకా నింపించి, లెక్క నోటు పుస్తకంలో రాసుకునేవాడు. భార్య ఆ పుస్తకానికి ‘సవతి’ అని పేరు పెట్టింది.

మైలేజీ కోసం అతను చెయ్యని పని లేదు. వారం వారం టైర్లలో గాలి చూయించాడు. ఎక్కేటప్పుడు కాలు కదపకుండా ఒకేలా నొక్కాడు, దిగేటప్పుడు బండిని గేరులోనే వదిలాడు. ఏసీ కట్టేసి చెమటలు కక్కాడు.

వీళ్ళింట్లోనే ఉండే మామగారు కూడా ఓ చెయ్యి వేశారు.

“బరువేనండీ అసలు శత్రువు. ఆ సామానంతా రోజూ కొండలెక్కించడం దేనికి అల్లుడుగారూ?” అని, క్యాబిన్ వెనక బిగించి ఉన్న ఇనప పెట్టెలోంచి జాకీ, పానాలు, గొలుసులు అన్నీ తీయించి ఇంట్లో సర్దేశారు. ఖాళీ పెట్టెకి గడియ వేశారు. ఆ తర్వాత అతను దాన్ని తెరిచింది లేదు. ఖాళీ పెట్టెలో చూడ్డానికేముంటుంది?

రోజూ సాయంత్రం అతను స్నానానికి వెళ్ళగానే బండిని పెరట్లోకి తీసుకెళ్ళి కడిగేది కూడా ఆయనే. “బురద కూడా బరువేనండీ” అనేవారు. అల్లుడి బండి కడిగే మామ ఎవరికి దొరుకుతాడని ఫ్యాక్టరీలో ఒకటే వేళాకోళం. పైకి విసుక్కున్నా లోపల పొంగిపోయేవాడు.

పోయిన నెలలో ఒక వారం మాత్రం సాయంత్రం కూడా పదమూడు వచ్చింది. విచిత్రమేమిటంటే ఆ వారం మామగారు మోకాళ్ళ నొప్పులతో మంచం దిగలేదు, బండి కడగనే లేదు. దుమ్ము కొట్టుకుపోయిన బండికి మైలేజీ పెరగడం ఏ శాస్త్రంలో ఉంది? అతను జుట్టు పీక్కున్నాడు.

ఆ గోడంతా స్టోర్‌కీపర్ దగ్గర వెళ్ళబోసుకున్నాడు. పదిహేనేళ్ళ స్నేహం వాళ్ళది. ఇతను తెగిన చెప్పులతో ఇంటర్వ్యూకి వస్తే, తన కాళ్ళనున్న బూట్లు విప్పి ఇచ్చినవాడు. ఎండలో బండెందుకని స్టోరు వెనక నీడలో చోటిచ్చినవాడు.

“సాయంత్రమైతే ఇంటికెళ్ళే తొందర కదరా నీకు! తెలీకుండానే తొక్కేస్తుంటావు. ముందా పుస్తకం అవతల పారెయ్” అని నవ్వాడు స్టోర్‌కీపర్.

నిజమేననిపించింది. పారేసే ముందు ఒక్కసారి తిరగేశాడు. పదమూడు వచ్చిన ఆ వారం తేదీలు ఎక్కడో చూసినట్టున్నాయి. హాజరు పుస్తకం తీశాడు. ఆ వారమంతా స్టోర్‌కీపర్ సెలవులో ఉన్నాడు.

ఆ సాయంత్రం గేటు వైపు పోకుండా బండిని లారీల కాటా ఎక్కించాడు. ఖాళీ బండి బరువు అతనికి కంఠతా. నూట నలభై కిలోలు ఎక్కువుంది. దిగి చూస్తే వెనక వైపు రెండు వేళ్ళు కుంగి ఉంది. పాత బండి కదా, సాయంత్రానికి అలసిపోతుందనుకునేవాడు ఇన్నాళ్ళూ. వెళ్ళి ఇనప పెట్టె గడియ తీశాడు.

గోనె సంచుల కింద రాగి తీగ చుట్టలు.

గేటు దగ్గర ఎవరైనా ఆ గడియ తీసి ఉంటే? ఉద్యోగం పోయేది. పరువు పోయేది. తిన్నగా జైలుకే. నేరుగా మేనేజరు గదికి నడిచాడు.

“నీ అంతట నువ్వు వచ్చి చెప్పావు కాబట్టి బతికిపోయావు. గేట్లో దొరికుంటే నీ మాట ఎవరు వినేవాళ్ళు?” అన్నాడు మేనేజరు.

స్టోర్‌కీపర్‌ని పిలిపించారు. బుకాయించలేదు. తల దించుకున్నాడు.

“నా బండే దొరికిందా నీకు? నీ బూట్లేసుకునే కదరా ఈ గేట్లోకొచ్చాను!” అన్నాడతను.

స్టోర్‌కీపర్ ఏదో చెప్పబోయి మింగేశాడు. “ఇంటికెళ్ళరా” అన్నాడు. అంతే.

“దారిలో బండెక్కడ ఆపుతావు?” అడిగాడు మేనేజరు.

“రెండో కొండ మీద టీ కొట్టు దగ్గరండీ. ఓ పది నిమిషాలు.”

“అదీ సంగతి. అక్కడెవడో దించుకుంటున్నాడు. రేపు పోలీసులు చూసుకుంటార్లే.”

బరువు దిగిన బండి మూడు కొండలూ అవలీలగా ఎక్కింది. టీ కొట్టు దగ్గర ఆగబుద్ధి కాలేదు. దారంతా ఆ బూట్లే గుర్తొచ్చాయి. కొంచెం వదులుగా ఉంటే ముందు కాగితాలు కుక్కి ఇచ్చాడు వాడు. అంత మనిషి ఇంత పని ఎలా చేశాడు? కళ్ళు తుడుచుకుంటూనే నడిపాడు. బంకులో నింపించి చూస్తే సరిగ్గా పదమూడు. పుస్తకంలో రాసుకోలేదు.

ఎవరితోనైనా చెప్పుకుంటే గానీ గుండె బరువు దిగేలా లేదు. మామగారికి చెప్పాలి. ఆయనైతే అర్థం చేసుకుంటారు.

ఇల్లు చేరేసరికి మామగారు ఎప్పటిలాగే బకెట్టు, గుడ్డ పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నారు. అతను ఇంజను ఆపి దిగాడు.

నోరు తెరిచేలోపే, ఎత్తుగా నిలబడ్డ బండి వెనక భాగాన్ని ఒక్కసారి చూసి, బకెట్టు కింద పెట్టేస్తూ ఆయన అన్నారు: “ఇవాళ మోకాళ్ళు లాగుతున్నాయి అల్లుడుగారూ, కడగలేను.”