మలియే పిడికిట్లో పొట్లం

“ఆ పొట్లం ఇచ్చెయ్, మలియే!” ఆరాధన ముగిసి జనం మెట్లు దిగుతుండగా, చర్చి పెద్ద పౌలో ఆమె చెవి దగ్గర గొణిగాడు.

“ఏ పొట్లం, పెద్దాయనా?”

“నా తలవెంట్రుకలది. క్షౌరమయ్యాక నువ్వు ఏరుకుంటుంటే మా ఆవిడ చూసింది. పది రోజులుగా నాకు ముద్ద దిగడం లేదు.”

మలియే పిడికిలి విప్పింది. అందులో ఆకు చుట్టిన చిన్న పొట్లం ఉంది.

“వెంట్రుకల మీద మంత్రం చదివితే మనిషి చస్తాడా? అదంతా అబద్ధమని ఇక్కడే నిలబడి బోధించారుగా!”

“అప్పుడు చట్టం మా పక్కనుండేది. ఇప్పుడు రాజధాని హొనొలులులో రాజుగారే మంత్రగాళ్ళకి పీటలేస్తున్నారు. చచ్చేలా ఉన్నాను తల్లీ!”

“అయితే గట్టిగా అడగండి. మా ఆయన మంత్రగాడని కోర్టులో సాక్ష్యం చెప్పినంత గట్టిగా.”

ఆ సాక్ష్యంతోనే ఆమె భర్త పహీయాకు శిక్ష పడింది. రోడ్డు పనిలో రాళ్ళు కొడుతూ అతడు మరణించాడు.

పౌలో కళ్ళు మూసుకుని గట్టిగా అరిచాడు. “మలియే, నన్ను మంత్రంతో చంపకు! నా వెంట్రుకలు నాకిచ్చెయ్!”

మెట్ల మీది జనం ఆగిపోయారు. తెల్లదొర పాస్టరు తలకు పెట్టుకోబోయిన టోపీ చేతిలోనే ఉండిపోయింది.

ఆమె పొట్లం అందించింది. అతడు విప్పాడు. లోపల ఎర్రటి, బిరుసైన వెంట్రుకలు కనిపించాయి.

“ఇవి నావి కావు!”

“మా మేకవి. మీ ఆవిడ చూడాలనే మీవి ఏరాను, దారిలోనే గాలికి వదిలేశాను. నాకు మంత్రాలు రావు, పెద్దాయనా. మా ఆయనకీ రావు. కోర్టులో ఆయన మొత్తుకున్నది ఆ మాటే.”